వేడి చేసుకునే వీల్లేని లంచ్ బాక్సులు: మధ్యాహ్నానికి పాడవకుండా, గట్టిపడకుండా ఏం పెట్టాలి?

బెజవాడ_బాక్సులు

రోజూ నలుగురికి బాక్సులు కట్టాలి. పిల్లల్లో ఒకరు ఆరో తరగతి, ఒకరు ఒకటో తరగతి. మేమిద్దరం ఆఫీసులకు. బళ్ళోగానీ ఆఫీసులోగానీ మైక్రోవేవ్ లేదు, ఫ్రిజ్ లేదు. ఉదయం ఏడింటికి మూత పెడితే పన్నెండున్నరకు తెరుస్తారు. ఈ ఐదున్నర గంటలూ బ్యాగు బస్సులోనో క్లాసులో ఓ మూలనో ఉంటుంది. విజయవాడ ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే చల్లగా తిన్నా బాగుండేవే పెడదామని మొదలుపెట్టాం. ఇబ్బందులు ఇవీ. పెరుగన్నం పులిసిపోతోంది, పులవని రోజు గడ్డకట్టి ముద్దవుతోంది. చపాతీలు సాగుతున్నాయి, పిల్లలు నమల్లేక వదిలేస్తున్నారు. మొలకల డబ్బా తెరిస్తే వాసన. కీరా ముక్కలు నీళ్ళోడి పక్కనున్నవాటిని కూడా తడిపేస్తున్నాయి. పులిహోర ఒక్కటే నిలబడుతోంది కానీ రోజూ అదే పెట్టలేం, పైగా పిల్లలకు పప్పుదినుసులు ఏవీ అందట్లేదు.

గుడ్డు తింటాం, బాక్సులోకి మాంసం వద్దు. దయచేసి కొలతలతో చెప్పండి. "కొంచెం", "సరిపడా" అంటే పొద్దున్న హడావిడిలో తేలట్లేదు.

ఆవపోపు

వంటకాల జోలికి వెళ్ళకముందు ఒక్కటి తేల్చుకోండి. ఆ బాక్సు మధ్యాహ్నం దాకా నిజంగా చల్లగా ఉంటుందా, లేక గది వేడికి వచ్చేస్తుందా? ఈ రెండింటికీ వంటకాలు వేరు, ఒకే వంటకానికి కొలతలు కూడా వేరు. మీ పెరుగన్నం ఒకరోజు పులిసి ఇంకోరోజు గడ్డకట్టడానికి కారణం బహుశా అదే.

వండిన ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య. ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దంటారు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. అన్నం విషయంలో ఇంకో చిక్కుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి వాసన బాగుంది కదా అని నమ్మడానికి లేదు.

పులుపు, ఉప్పు, నూనె ఉన్నవి కొంత ఆగుతాయి. చింతపండు పులిహోర ప్రయాణాల్లో నిలబడేది అందుకే. అయితే పులుపు వాటిని నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. చల్లదనం తోడుంటేనే ధైర్యంగా పెట్టొచ్చు.

చల్లదనం ఇలా ఏర్పాటు చేసుకోండి. లోపల వెండిరంగు పొర ఉన్న ఇన్సులేటెడ్ సంచీ తీసుకోండి, జిప్పు చుట్టూ పూర్తిగా మూసుకునేది. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి రాత్రే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు పెరుగుతాయి కనుక నిండా పోస్తే సీసా ఉబ్బుతుంది, మూత దగ్గర చిట్లుతుంది. గాజు సీసా అసలు వద్దు. ఆ సీసాను డబ్బాల కింద కాక పైన పెట్టాలి, చల్లటి గాలి కిందికి దిగుతుంది కాబట్టి. సంచీలో ఖాళీ మిగిలితే పొడి నాప్కిన్ కుక్కండి. మధ్యాహ్నానికి మంచు కరిగి తాగడానికి చల్లటి నీళ్ళవుతాయి, పిల్లలకు అదనంగా సీసా మోయించక్కర్లేదు.

డబ్బా తెరిచేసరికి మంచులో కొంతైనా మిగిలి ఉండాలి. పూర్తిగా కరిగి నీళ్ళు వెచ్చబడి ఉంటే మీ సంచీ చాలట్లేదని అర్థం. ఇంకో చిన్న సీసా చేర్చండి.

చాలామంది చేసే తప్పు ఏమిటంటే వేడి అన్నం డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆపై మంచు పెట్టడం. ఆవిరి మూతకు తగిలి నీరై కిందికి కారుతుంది, పైపొర తడిసి జిగటవుతుంది, మంచు గంటలో కరిగిపోతుంది. వండిన వెంటనే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో రెండు వేళ్ళ మందం మించకుండా పరిచి, ఫ్యాను కింద 15, 20 నిమిషాలు ఆరనివ్వండి. చేత్తో తాకితే వెచ్చదనం తెలియకూడదు. అప్పుడు డబ్బాలోకి.

కంచుగిన్నె

ఆవపోపు గారు చెప్పిన తేడాతోనే దద్దోజనం, పులిహోర కొలతలు రాస్తున్నాను. రెండింటికీ పాత సోనా మసూరి బియ్యం.

మంచు లేకుండా పంపే దద్దోజనం (ఆవపోపు గారు చెప్పిన ముప్పు దీనికీ ఉంది, మంచు పెట్టే వీలుంటే దీని తర్వాత రాసిన కొలతే మేలు): బియ్యం ఒక కప్పు, నీళ్ళు మూడున్నర కప్పులు. మెత్తగా ఉడికించి, వేడిమీదే గరిటె వెనకతో మెదపాలి. కాచి చల్లార్చిన పాలు రెండు కప్పులు పోసి కలపాలి. అన్నం గోరువెచ్చన కూడా తగ్గాక రెండు పెద్ద చెంచాల తాజా పెరుగు. పులుపెక్కడానికి కారణం పెరుగులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చడమే. 40 డిగ్రీల దరిదాపుల్లో వాటి పని మహా జోరుగా సాగుతుంది, మన వేసవి బస్సులో ఉండేది సరిగ్గా ఆ వేడే. కప్పున్నర పెరుగు వేసి పంపితే మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకోలేం. పాలు ఎక్కువ, తోడు తక్కువ వేస్తే ఐదారు గంటలకు డబ్బాలోనే కమ్మగా తోడుకుంటుంది. వేడి అన్నంలో పెరుగు వేస్తే విరుగుతుంది, తోడూ చస్తుంది. పాలు మాత్రం వేడి అన్నంలో పోసినా ఫరవాలేదు.

మంచుతో పంపేదైతే ఈ లెక్క పనికిరాదు. చల్లదనంలో తోడుకోవడం ఆగిపోతుంది, మధ్యాహ్నం తెరిస్తే పాలన్నంలాగే ఉంటుంది. అందుకని ఒక కప్పు బియ్యానికి నీళ్ళు నాలుగు కప్పులు, పాలు అర కప్పు, పులుపులేని పెరుగు కప్పున్నర. నీళ్ళు పెంచడం ఎందుకంటే, చల్లబడేకొద్దీ అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది, మెతుకు గట్టిపడుతుంది. మీకు గడ్డకడుతున్నది ఇందుకే. కలిపేటప్పుడు గరిటెనుంచి జారేంత పలచగా ఉండాలి, అప్పటికి మరీ పలచన అనిపించినా సరే. గంటలో ఆ తడంతా అన్నం పీల్చేసుకుంటుంది.

పోపు విడిగా చల్లారాక కలపండి: నూనె రెండు టీ చెంచాలు, ఆవాలు, మినప్పప్పు, అల్లం తరుగు, కరివేపాకు, పచ్చిమిర్చి. చిన్నవాడికైతే మిర్చి తీసేసి మిరియాలపొడి చిటికెడు. క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు వేసుకోవచ్చు. పచ్చి ఉల్లిపాయ వద్దు, మూత కింద ఐదు గంటలు మగ్గి వాసన వేస్తుంది. కీరా తురుము కూడా వద్దు, నీరు వదులుతుంది.

పులిహోర: బియ్యం 250 గ్రాములు, పావుగంట నానబెట్టి, కప్పుకు పావు తక్కువ రెండు కప్పుల నీళ్ళతో పలుకుగా వండాలి. కొత్త బియ్యమైతే నీళ్ళు ఇంకా తగ్గించాలి, లేదంటే కలిపేటప్పుడు మెతుకు విరిగి ముద్దవుతుంది. వేడన్నం పళ్ళెంలో పరిచి పసుపు, ఒక పెద్ద చెంచా నువ్వులనూనె, నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి కదపకుండా ఆరనివ్వాలి. చింతపండు 40 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి, రెండు పెద్ద చెంచాల నూనెలో నూనె పక్కకు తేలేదాకా ఉడికించాలి. ఇక్కడ తొందరపడితే గుజ్జులో నీరు మిగిలిపోతుంది, పులిహోర త్వరగా పాడయ్యేదీ పచ్చివాసన వేసేదీ అందుకే. ఈ గుజ్జు తడిలేని సీసాలో ఫ్రిజ్‌లో వారం పైగా నిలవుంటుంది, ఆదివారం చేసిపెట్టుకుంటే పొద్దున్న పని పది నిమిషాలు.

వేరుశనగపప్పు పోపులో వేసి కలిపేస్తే మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. విడిగా వేయించి చిన్న డబ్బాలో ఇవ్వండి. పప్పుదినుసు చేరాలంటే ఉడికించిన సెనగలు ఒక కప్పు పులిహోరలో కలిపేయండి, పులుపుకి బాగా పడతాయి. నిమ్మకాయ పులిహోరకు మాత్రం రసం పొయ్యిమీద వేయకూడదు, చేదెక్కుతుంది. పొయ్యి దించి, పోపు వేడి తగ్గాక పిండాలి.

కొబ్బరన్నం వేసవిలో బాక్సుకు వద్దు. పచ్చికొబ్బరి అన్నిటికంటే ముందు పాడవుతుంది. గుగ్గిళ్ళలో చల్లే కోరు కూడా అంతే. ఎండుకొబ్బరి వాడుకోండి.

బెజవాడ_బాక్సులు

చాలా ఉపయోగపడింది. ఒక సందేహం. వేడి పదార్థాల కోసం కొన్న వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులు రెండున్నాయి. వాటిలో దద్దోజనం పెట్టొచ్చా, వేడెక్కిపోదూ?

ఆవపోపు

నిక్షేపంగా పెట్టొచ్చు. ఫ్లాస్కు వేడి పుట్టించదు, లోపలున్న దాన్ని ఉన్నట్టు ఉంచుతుంది. వేడి పెడితే వేడిగా, చల్లగా పెడితే చల్లగా. గోరువెచ్చగా పెడితే ఆ గోరువెచ్చదనాన్నే గంటల తరబడి కాపాడుతుంది, సూక్ష్మజీవులకు అంతకంటే అనుకూలమైన చోటు ఉండదు. అందుకే ఫ్లాస్కులోకి వెళ్ళేది ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లబడినదే అయ్యుండాలి.

దద్దోజనం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న ఫ్లాస్కులో ఐసు ముక్కలు, నీళ్ళు పోసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. లోపలి స్టీలు చల్లబడుతుంది. ఆ నీళ్ళు పారబోసి, ఒక్కసారి తుడిచి, దద్దోజనం అంచుదాకా నింపండి. సగం ఖాళీగా వదిలితే పైనున్న గాలే దాన్ని వేడెక్కిస్తుంది. రాత్రంతా బిగుసుకుని ఉంటుంది కాబట్టి నింపేముందు చల్లటి పాలు పావు కప్పు కలపండి.

రొట్టెలపీట

చపాతీలకు వస్తాను. సాగుతున్నాయంటే మూడింట ఏదో ఒక కారణం: పిండి గట్టిగా కలపడం, నానకుండా ఒత్తేయడం, సన్న సెగమీద ఎక్కువసేపు కాల్చడం. సన్న మంటమీద చపాతీలో ఉన్న తేమంతా నెమ్మదిగా ఆవిరైపోతుంది. వేడిమీద తెలియదు కానీ చల్లారాక సాగుతుంది.

గోధుమపిండి రెండు కప్పులు, ఉప్పు అర టీ చెంచా, పెరుగు మూడు పెద్ద చెంచాలు, నూనె రెండు టీ చెంచాలు. గోరువెచ్చటి నీళ్ళు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి, వేలికి కాస్త అంటుకునేంత మెత్తగా కలపాలి. పిండిని బట్టి ఇంకో రెండు మూడు చెంచాలు పట్టొచ్చు. తడిబట్ట కప్పి అరగంట. పెనం బాగా కాలాక పెద్ద మంటమీద ఒక్కో వైపు అర నిమిషం, ముప్పావు నిమిషం. మచ్చలు పడగానే తీసి, అర చెంచా నూనె రాసి, ఒకదానిమీద ఒకటి నూలుగుడ్డలో చుట్టండి. ఆవిరి గుడ్డ పీలుస్తుంది, మెత్తదనం చపాతీలో మిగులుతుంది. వేడిగా ఉండగా రేకులో చుడితే చెమ్మపట్టి అడుగు చపాతీ పిండిపిండిగా అవుతుంది. రేకు చుట్టేది పూర్తిగా చల్లారాకే. పిండిలో గుప్పెడు మెంతికూర, రెండు చెంచాల సెనగపిండి కలిపితే చల్లగా తినడానికి ఇంకా బాగుంటాయి, కూర లేకపోయినా వెళ్ళిపోతాయి.

చుట్టి ఇచ్చే రోల్స్‌కు లోపల తడి ఉండకూడదు. టమాటా, చెట్నీ, సాస్ వేస్తే గంటలో కారిపోతుంది. ముందు చపాతీ అంతటా వేరుశనగపొడి కలిపిన చిక్కటి పెరుగు పలచగా రాయండి. చిక్కటి పెరుగంటే గుడ్డలో మూటకట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీసి నీరు ఓడ్చినది. దానిమీద పొడిపొడిగా వేయించిన పనీర్ తురుమో, గుడ్డు పొరటో, సన్నగా తరిగిన క్యారెట్ క్యాబేజీ వేపుడో. పనీర్ వంద గ్రాములు రెండు రోల్స్‌కు వస్తుంది. పెరుగు, పనీర్, గుడ్డు వేసిన ఏ రోల్ అయినా మంచు సీసా ఉన్న సంచీలోనే వెళ్ళాలి.

ఎక్కువమంది మరిచిపోయేది పొడి ఇడ్లీ. రైలు ప్రయాణాలకు మనవాళ్ళు కట్టేది అదే కదా. ఇడ్లీలు గోరువెచ్చగా ఉండగా రెండు వైపులా నువ్వులనూనె రాసి, కారప్పొడిలో అద్దాలి. నాలుగు ఇడ్లీలకు నూనె ఒక పెద్ద చెంచా, పొడి పెద్ద చెంచాన్నర. నూనె పొర తేమను పట్టి ఉంచుతుంది కనుక చల్లారినా ఎండవు. వేడి ఇడ్లీకి రాస్తే పొడి తడిసి పేస్టవుతుంది, పూర్తిగా చల్లారాక రాస్తే పట్టదు. పొడి కూడా ఎండుమిర్చి తగ్గించి, కందిపప్పు, పుట్నాలు, నువ్వులు పెంచి కొట్టుకుంటే పిల్లలకు పప్పుదినుసు అందుతుంది. కొబ్బరి చట్నీ మాత్రం బాక్సులో పెట్టొద్దు.

మందపాటి మినపరొట్టె కూడా ఇలాగే. ముక్కలుగా కోసి, మూత తీసి ఆరనిచ్చి కడితే మధ్యాహ్నానికీ మెత్తగా ఉంటుంది, పక్కన బెల్లం ముక్క చాలు.

మొలకల_మూకుడు

వాసన వేసే మొలకల సంగతి. పెసలు మొలకెత్తే తడి, వెచ్చదనం బ్యాక్టీరియాకూ నచ్చేవే, కాబట్టి పచ్చి మొలకలు డబ్బాలో ఐదు గంటలు ఉంచడం పిల్లలకు మంచిది కాదు. ఆవిరిమీద ఐదు నిమిషాలు ఉడికించి, గుడ్డమీద పరిచి తడి ఆరాక పెట్టండి. మొలక పొడవు ధాన్యం గింజంత ఉంటే చాలు. బారెడు పెంచితే చేదు తిరుగుతుంది, వాసనా త్వరగా వస్తుంది.

పప్పుదినుసుకు నేనైతే గుగ్గిళ్ళకే ఓటేస్తాను. నల్ల సెనగలు 100 గ్రాములు రాత్రి నానబెట్టి, ఉప్పువేసి కుక్కర్లో నాలుగు కూతలు. ఆవిరి దానంతట అది పోయాక చిల్లుల గిన్నెలో వంచి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత మూకుట్లో పోపువేసి ఐదు నిమిషాలు పొడిగా వేయించాలి. గింజ పైన తడి మెరుపు పోయి తొక్క కాస్త ముడతపడాలి, అంతవరకూ ఆపొద్దు. ఆ తడి మిగలడమే గుగ్గిళ్ళు జిగటెక్కడానికి కారణం. వంచిన నీళ్ళు చారులోకి. నిమ్మచెక్క విడిగా ఇచ్చి తినేముందు పిండుకోమనండి. 100 గ్రాముల పొడి సెనగల్లో సుమారు 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి గుడ్డుతో దాదాపు సమానం. బొబ్బర్లు (అలసందలు), ఎర్ర రాజ్మా మార్చి మార్చి చేయండి. రాజ్మా మాత్రం పూర్తిగా మెత్తగా ఉడకాలి, పలుకు మిగిలితే కడుపులో వికారం తెస్తుంది.

గుడ్లు: నీళ్ళు మరిగాక గుడ్లు వేసి పది నిమిషాలు, తీసి వెంటనే ఐసు నీళ్ళలో. సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తే ఎక్కువ ఉడికిందని అర్థం, చల్లారాక గంధకం వాసన వేసేవి అవే. పెంకుతోనే ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న ఒలిచి పొడిగా తుడిచి మంచు పక్కన పెట్టండి.

కీరాకు ఉప్పు చల్లి పెడుతుంటే మీ సమస్య అదే. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. తొక్కతోనే వేలిపొడవు ముక్కలు కోసి, మధ్యలో గింజలు తీసేసి, గుడ్డతో ఒత్తి, చిన్న నూలుగుడ్డ మడత మీద పేర్చండి. ఉప్పు కారం కాగితం పొట్లంలో. జామ, యాపిల్ నల్లబడకుండా కప్పు నీళ్ళలో చెంచా నిమ్మరసం కలిపి ముక్కలు రెండు నిమిషాలు ముంచి తీయాలి.

డాలస్_డబ్బా

అమెరికాలో పిల్లలకు బాక్సులు కట్టే తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. చాలా బళ్ళలో వేరుశనగ, జీడిపప్పు, బాదం తేవద్దంటారు. నువ్వుల సంగతి కూడా చూసుకోండి. 2023 జనవరి 1 నుంచి ఇక్కడ ప్యాకెట్లమీద నువ్వులను ప్రధాన ఎలర్జీ పదార్థంగా తప్పనిసరిగా రాయాలి. పులిహోరలో నువ్వులనూనె, ఇడ్లీపొడిలో నువ్వులు మనకు అలవాటుగా పడిపోతాయి, క్లాసులో ఎలర్జీ ఉన్న పిల్ల ఉంటే టీచర్‌ను అడిగి తెలుసుకోవాలి. వేరుశనగ బదులు పుట్నాలు గానీ వేయించిన పొద్దుతిరుగుడు గింజలు గానీ వేస్తే ఆ కరకర వస్తుంది.

తినడానికి ఇచ్చే వ్యవధి కూడా చాలా బళ్ళలో తక్కువే, అరగంట కూడా ఉండదు. దానికి తగ్గట్టు ఒలవనక్కర్లేకుండా, కలపనక్కర్లేకుండా పెట్టాలి. ఒకటో తరగతి పిల్లలు ఆ డబ్బా మూత స్వయంగా తీయగలరో లేదో ఇంట్లోనే చూడండి. ఫ్లాస్కులో వేడివి పెట్టి బిగిస్తే చల్లారాక మూత పట్టేస్తుంది, చల్లటివి పెడితే ఆ బాధ తక్కువ.

గోదారి_అంబలి

అన్నం, చపాతీ చుట్టూనే తిరుగుతున్నారు కాబట్టి పోపుకు తప్ప పొయ్యి వెలిగించకుండా అయ్యేదొకటి. మందపాటి అటుకులు ఒక కప్పు ఒక డబ్బాలో పొడిగా. ఇంకో చిన్న డబ్బాలో పోపు వేసిన పెరుగు ముప్పావు కప్పు, పావు కప్పు నీళ్ళు, ఉప్పు, క్యారెట్ తురుము. తినడానికి పావుగంట ముందు కలుపుకుంటే చాలు. ముందే కలిపితే పాయసంలా జారిపోతుంది. పెరుగు డబ్బా మంచు పక్కన, అటుకుల డబ్బా దూరంగా.

ఆఫీసుకు వెళ్ళే పెద్దవాళ్ళకైతే రాగి అంబలి. రాగిపిండి మూడు పెద్ద చెంచాలు కప్పు చన్నీళ్ళలో ఉండలేకుండా కలిపి, మరుగుతున్న రెండు కప్పుల నీళ్ళలో పోసి ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. పచ్చివాసన పోయి మెరుపు రావాలి. చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న కప్పు మజ్జిగ, ఉప్పు కలిపి చల్లబరిచిన ఫ్లాస్కులో. పక్కన గుగ్గిళ్ళు ఉంటే పూట గడుస్తుంది. అంబలి ఒక్కటే అయితే నాలుగింటికి ఆకలేస్తుంది.

చద్దన్నం కూడా మన చల్లటి భోజనమే, కానీ అది లేచీ లేవగానే ఇంట్లో తినాల్సింది. రాత్రంతా పులిసినదాన్ని మళ్ళీ ఎండలో ఐదు గంటలు తిప్పితే పులుపు మీరిపోతుంది.

కొర్రలతో దద్దోజనం చేస్తే రెండు గంటలు నానబెట్టి, కప్పుకు నాలుగు కప్పుల నీళ్ళు పోయండి. చల్లారితే కొర్రలు బియ్యం కంటే గట్టిపడతాయి.

బెజవాడ_బాక్సులు

అందరికీ ధన్యవాదాలు. చివరిగా రెండు. ఒకటో తరగతి పిల్లాడికి ఎంత పెట్టాలి? సగం వెనక్కి వస్తోంది. రెండోది, డబ్బా మూతలోని రబ్బరుకు పట్టిన పుల్లవాసన ఎంత తోమినా పోవట్లేదు, దానివల్ల కూడా పాడవుతుందా?

కంచుగిన్నె

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. మనం కట్టే డబ్బాల్లో ముప్పావు వంతు అన్నమే ఉంటుంది. కాబట్టి అన్నం తగ్గించి మిగతావి పెంచండి. ఆరేళ్ళ వాడికి వండిన అన్నం ముప్పావు కప్పు, గుగ్గిళ్ళు మూడు పెద్ద చెంచాలు లేదా ఒక గుడ్డు, నాలుగైదు కూరముక్కలు, చిన్న అరటిపండు. ఇది ఆరంభానికే. సగం వెనక్కి వస్తే ఏ సగం వస్తోందో చూడండి. అన్నం వస్తే అన్నం తగ్గించాలి, ముక్కలు వస్తే ముక్క చిన్నది చేయాలి. గుగ్గిళ్ళు చిన్నవాడు నమల్లేకపోతే సెనగల బదులు పెసలు. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు ఉంటే వాళ్ళకు మాత్రం వేరుశనగ గింజలు అలాగే ఇవ్వకండి, ద్రాక్ష నిలువుగా కోసి ఇవ్వండి. గొంతుకు అడ్డం పడతాయి.

ఆవపోపు

రబ్బరు సంగతి నేను చెబుతాను. పాడవడంలో దాని పాత్ర తప్పకుండా ఉంటుంది. ఆ సందులో నిన్నటి పెరుగు తడి మిగిలిపోతుంది, ఇవాళ్టి అన్నానికి అదే తోడవుతుంది. మీ దద్దోజనం కొలత ప్రకారం చేసినా పులిస్తే ముందు అక్కడే చూడండి.

ఫోర్కు పిడితోనో చెంచా కొసతోనో రబ్బరును రోజూ బయటికి తీయాలి. కత్తి వాడితే గీత పడి అక్కడే మురికి చేరుతుంది. గిన్నెలు తోమే ద్రవం కలిపిన వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, మూతలోని గాడిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వాసన పట్టేసినదైతే ఒక భాగం వెనిగర్, ఒక భాగం నీళ్ళు కలిపి అరగంట నానబెట్టి కడగండి. తర్వాత విడిగా, పూర్తిగా ఆరనిచ్చి పొద్దున్నే బిగించండి, రాత్రి తడిమీద పెట్టేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నల్ల చుక్కలు పడినా, సాగి వదులైనా మార్చేయడమే. స్టీలు సామాను కొట్లలో సైజు చెబితే రబ్బరు విడిగా దొరుకుతుంది, పాత మూత వెంట తీసుకెళ్ళండి.